మీకు తెలుసా? గౌడవెల్లి చుట్టుపక్కల ఏఐ తగాదాలు

కృత్రిమ మేధ మనుషుల్ని ముంచుతుందా, తేలుస్తుందా అన్న వాదన కాలిఫోర్నియా కోటీశ్వరుల కాలక్షేపం అనుకుంటాం. మేడ్చల్ మండలం గౌడవెల్లిలో రైలు దిగి చుట్టుపక్కల ఊళ్లు చూసి రండి. ఆ వాదనలో ఉన్న పక్షాల ఆనవాళ్లు ఇక్కడే దొరుకుతాయి. ఇక్కడ దొరకనివి ఊరు విడిచి వెళ్లిన తెలుగువాళ్ల కథల్లో దొరుకుతాయి.

● దేశంలోనే మొదటిసారి ఓటరు ముఖాన్ని యాప్‌తో పోల్చి చూసింది మన కొంపల్లిలోనే.

2020 జనవరి 22, మున్సిపల్ ఎన్నికల రోజు. రాష్ట్ర ఎన్నికల సంఘం కొంపల్లి మున్సిపాలిటీలో 10 పోలింగ్ కేంద్రాలను ప్రయోగానికి ఎంచుకుంది. ఓటరు వచ్చి కాగితాలు చూపించాక, సిబ్బందిలో ఒకరు ఫోన్‌తో ఫొటో తీస్తారు. ముందే ఎక్కించి పెట్టుకున్న ఓటర్ల ఫొటోలతో యాప్ దాన్ని పోల్చి, ఈ మనిషే ఆ మనిషా కాదా అన్నది చెబుతుంది. దొంగ ఓట్లు ఆపడమే ఉద్దేశమన్నారు. యాప్ కాదన్నా ఓటు ఆపబోమని, తీసిన ఫొటోలను ఫోన్లోంచీ సర్వర్లోంచీ తుడిచేస్తామని ముందే మాటిచ్చారు.

ఓటరు కార్డు మీద ఫొటో ఎలా ఉంటుందో తెలియందెవరికి? కన్నతల్లి కూడా ఒకటికి రెండుసార్లు చూడాల్సిందే. దాన్ని చూసి యంత్రం మనిషిని పట్టేస్తుందని నమ్మడానికి కొంత ధైర్యం కావాలి. ఆ ధైర్యం అప్పట్లో పుష్కలంగా ఉండేది. 2020ని ‘ఏఐ సంవత్సరం’గా తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది అదే జనవరి 2న. సరిగ్గా ఇరవై రోజులకు కొంపల్లి ప్రయోగం. ఆ రోజు అక్కడ రెండు మాటలు పుట్టాయి. తప్పు చేయనివాడికి భయమెందుకన్నది ఒకటి. ఇవాళ ఓటు దగ్గర అలవాటు చేసినవాళ్లు రేపు రోడ్డు మీద అడగరా అన్నది రెండోది. ప్రపంచంలో ఏఐ మీద జరిగే వాదనలో సగం ఈ రెండు మాటల మధ్యే నలుగుతోంది.

● అదే ఏడాది జూన్‌లో ముఖాలు గుర్తుపట్టే వ్యాపారమే వద్దని ఒక పెద్ద కంపెనీ తప్పుకుంది. ఆ నిర్ణయం ప్రకటించిన సీఈఓ తెలుగు కుటుంబంలో పుట్టినవాడు.

ఐబీఎం పగ్గాలు అరవింద్ కృష్ణ చేతికి వచ్చింది 2020 ఏప్రిల్‌లో. మే 25న అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయాడు. జూన్ 8న కృష్ణ అమెరికా కాంగ్రెస్‌కు లేఖ రాశారు. మూకుమ్మడి నిఘాకు, జాతిని బట్టి మనుషుల్ని వేరుచేయడానికి వాడే ఫేషియల్ రికగ్నిషన్‌ను తమ కంపెనీ సమర్థించదని, అలాంటి సాఫ్ట్‌వేర్ ఇకమీదట అమ్మబోదని దాని సారాంశం.

ఆయన ఏఐకి వ్యతిరేకి అనుకునేరు. 2023 మేలో ఇచ్చిన ఇంటర్వ్యూలో, తమ కంపెనీలో నేరుగా కస్టమర్ల ముందుకు రాని ఉద్యోగాలు 26,000 దాకా ఉంటే, వాటిలో 30 శాతం పనిని అయిదేళ్లలో ఏఐ చేసేస్తుందని నిబ్బరంగా చెప్పారు. లెక్కేస్తే 7,800 కుర్చీలు. ఆ ఏడాది డిసెంబర్‌లో మెటాతో కలిసి ఏఐ అలయన్స్ పెట్టి, మోడళ్లు కొద్దిమంది గుప్పిట్లో కాక అందరికీ తెరిచి ఉండాలన్నారు. నిఘా వద్దు, ఉద్యోగాల కోత తప్పదు, తలుపులు తెరవాలి: మూడూ ఒకే మనిషి మాటలు. ఏఐ వాదులను రెండు గదుల్లో పెట్టి తాళం వేయాలనుకునే వ్యాసకర్తలకు ఇలాంటి మనిషి చికాకే.

● కొంపల్లిలో అడిగిన ప్రశ్న చివరికి హైకోర్టు మెట్లెక్కింది.

2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయించి తన ఫొటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ అభ్యంతరం చెప్పారు. ఏ చట్టం ప్రకారం తీశారు, ఆ ఫొటో ఎక్కడ దాచారు అన్నవి ఆయన ప్రశ్నలు. తెలంగాణలో ఫేషియల్ రికగ్నిషన్ వాడకాన్ని సవాలు చేసిన ఆ వ్యాజ్యం మీద 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

● కారే లేని మనిషిని కారున్నవాడిగా లెక్కగట్టి, ఆ ఇంటి రేషన్ ఆపేసింది ఒక ప్రోగ్రామ్.

దాని పేరు సమగ్ర వేదిక. ప్రభుత్వంలో ఒక శాఖ దగ్గర వాహనాల జాబితా ఉంటుంది, ఇంకో శాఖ దగ్గర ఇంటి పన్ను, మరో దగ్గర కరెంటు మీటరు, పింఛను, భూమి. ఇలాంటివి దాదాపు ముప్ఫై జాబితాలను ఒకచోట కలిపి, ఎవరెవరో పోల్చి, ఒక్కో కుటుంబానికి ఒక్కో చిత్రం గీస్తుంది. అనర్హుల్ని ఏరేయడానికి దాన్ని వాడారు.

ఎక్కడ తప్పుతుందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. లక్ష్మమ్మ పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌బుక్కులో ఇంకోటి. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక, ఒకచోట ఉత్త అక్షరం. సయ్యద్ అన్న పేరును ఆఫీసుకో రకంగా రాస్తారు. ఇన్ని రకాల పేర్ల మధ్య ‘ఈయనే ఆయన’ అని తేల్చే పని ప్రోగ్రామ్‌ది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనను అలాగే వేరెవరిదో కారుకు యజమానిని చేసేసింది. నోటీసు లేదు, అడిగినవారు లేరు. ఆ ఇంటి ఇల్లాలు కారు మాది కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఉన్నదాన్ని నిరూపించొచ్చు. లేని కారును ఏ కాగితంతో నిరూపించాలి?

2014 నుంచి 2019 దాకా తెలంగాణలో రద్దయిన ఆహార భద్రత కార్డులు 18.6 లక్షల పైమాటే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. అప్పుడు వచ్చిన దరఖాస్తుల్లో 2,05,734 చూసేసరికి 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. పాత్రికేయుల పరిశోధన 2024 జనవరిలో ఈ లెక్కలు బయటపెట్టింది. ఏడున్నర శాతం తప్పు ఎక్కువా తక్కువా అని ఇంజనీరును అడిగితే ఒక జవాబు వస్తుంది. బియ్యం ఆగిన ఇంట్లో అడిగితే ఇంకోటి వస్తుంది. నన్నడిగితే, ఏఐ ప్రమాదాల మీద రాసే ప్రతి పుస్తకానికీ ఇది మొదటి అధ్యాయం కావాలి. చాలా పుస్తకాల్లో దీనికి ఫుట్‌నోటు కూడా లేదు.

● ఆరు నెలలు పని ఆపండని వేలమంది సంతకాలు పెట్టినా ఎవరూ ఆపలేదు.

2023 మార్చిలో ఒక బహిరంగ లేఖ వచ్చింది. జీపీటీ-4ను మించిన మోడళ్ల శిక్షణను కనీసం ఆరు నెలలు నిలిపేయాలని దాని డిమాండు. మే 30న ఇంకోటి వచ్చింది, అది ఒక్కటే వాక్యం: మహమ్మారులు, అణుయుద్ధంలాగే ఏఐ వల్ల మానవజాతి అంతరించే ముప్పును తగ్గించడం కూడా ప్రపంచమంతటికీ ముఖ్యం కావాలని. సంతకం పెట్టినవాళ్లలో ఏఐ పరిశోధకులు జెఫ్రీ హింటన్, యోషువా బెంజియో ఉన్నారు. ఆ యంత్రాలను తయారుచేసి అమ్ముతున్న శామ్ ఆల్ట్‌మన్ కూడా ఉన్నారు.

వీళ్లది వినాశన భయం. వీళ్లకు ఎదురుగా వేగవాదులున్నారు: ఆపితేనే నష్టం, రోగాలూ పేదరికమూ పోయేది ఏఐతోనే, తొక్కండి యాక్సిలరేటర్ అంటారు. ఈ ఇద్దరినీ కలిపి దులిపేసేది మూడో జట్టు. గూగుల్‌తో గొడవపడి 2020 డిసెంబర్‌లో బయటికొచ్చిన పరిశోధకురాలు టిమ్నిట్ గెబ్రూ వంటివాళ్లు ఇందులో ఉన్నారు. రేపటి ప్రళయం, రేపటి స్వర్గం రెండూ ఒకే మతంలోని రెండు శాఖలని, ఆ మాటల హోరులో ఇవాళ జరుగుతున్న అన్యాయం వినపడటం లేదని వీళ్ల ఆరోపణ. రిక్షా ఆయన కథ విన్నాక ఈ మూడో జట్టు మాట తీసిపారేయలేం. అలాగని హింటన్ భయమూ ఉత్తదే అనడానికి నాకు నోరు రాదు. ఆయన 2023 మేలో గూగుల్ వదిలింది ఆ భయాన్ని బాహాటంగా చెప్పడానికే.

● చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన పిల్లవాడు పెద్దయ్యాక చేసిన పరిశోధన, ఏఐ మీద తొలి పెద్ద నైతిక తగాదాలో ఒక ముఖ్య విషయమైంది.

డబ్బల రాజగోపాల్ రెడ్డి అంటే కొద్దిమందికే తెలుసు, రాజ్ రెడ్డి అంటే అందరికీ తెలుసు. 1937లో పుట్టారు. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్, ఆస్ట్రేలియాలో మాస్టర్స్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్. గురువు జాన్ మెకార్తీ, ఏఐ అన్న రంగానికి ఆ పేరు పెట్టిన మనిషే. రెడ్డి పట్టుకున్న పని మనిషి మాటను యంత్రానికి వినిపించడం. 1971–76 మధ్య అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డబ్బుతో నడిచిన మాట-గుర్తింపు ప్రాజెక్టులో కార్నెగీ మెలన్‌లోని ఆయన బృందం ముందుంది. అక్కడ తయారైన హార్పీ 1,011 మాటలు గుర్తుపట్టేది.

సరిగ్గా 1976లో ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ఒక పుస్తకం వేశాడు. యంత్రాలకు అప్పగించకూడని పనులు కొన్నుంటాయని ఆయన వాదన. మాట-గుర్తింపు పరిశోధన మీద కూడా విరుచుకుపడ్డాడు. ఇంత ఖరీదైన యంత్రం కొనగలిగేది ప్రభుత్వాలూ పెద్ద సంస్థలే, వాళ్లకది జనం ఫోన్లు వినడానికే పనికొస్తుందన్నాడు. మెకార్తీ ఊరుకోలేదు, ఆ పుస్తకాన్ని ఏకిపారేస్తూ సమీక్ష రాశాడు. ఇప్పటి తగాదాలకు మూలపురుషులు ఈ ఇద్దరే అంటే అతిశయోక్తి కాదు.

రాజ్ రెడ్డి ఆశ మాత్రం వేరు దిక్కున ఉంది. చదువు రానివాడికి కీబోర్డు ఎందుకు? సొంత భాషలో మాట్లాడితే యంత్రం వినాలి, జవాబు చెప్పాలి. అప్పుడు అందరికన్నా ఎక్కువ లాభం అట్టడుగువాడికే అని ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. మనిషి బుద్ధికి బలం పెంచే పరికరాలు ఒక రకం, ఆపద రాకముందే హెచ్చరించే కాపలా దేవతలు ఇంకో రకం అని ఉపన్యాసాల్లో వర్ణిస్తుంటారు. పల్లె పిల్లల కోసం 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి చాన్స్‌లర్ ఆయనే. బాసర ట్రిపుల్ ఐటీ దాని నుంచి వచ్చిందే. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది, ఆసియాలో పుట్టినవాళ్లలో మొదట.

ఎవరి మాట నిజమైంది? రెడ్డిదీ, వైజెన్‌బామ్‌దీ, రెండూ. ఇవాళ ఫోన్లో తెలుగులో అడిగితే జవాబు వస్తోంది. ఆ ఫోన్ ఎవరెవరి మాటలు వింటోందన్న అనుమానమూ ఎవరికీ తీరలేదు.

● రాజ్ రెడ్డి పెంచిన చెట్టు మీద రకరకాల పిట్టలు వాలాయి.

1979లో ఆయన తొలి డైరెక్టరుగా మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లోనే హాన్స్ మొరావెక్ పనిచేశాడు. రోబోలు మన వారసులు, మన తర్వాత భూమి వాటిదే, అందులో ఏడవాల్సిందేమీ లేదని 1988లో పుస్తకమే రాశాడు. అదే ఏడాది రెడ్డి దగ్గర డాక్టరేట్ తీసుకున్న కై-ఫు లీ తర్వాత చైనాలో ఏఐ పెట్టుబడిదారుడై, పదిహేనేళ్లలో ప్రపంచంలోని 40 శాతం ఉద్యోగాలను యంత్రాలు చేయగలవని 2019లో హెచ్చరించాడు. గురువు ఆశ, శిష్యుడి హెచ్చరిక, పక్క గది ప్రొఫెసరు నిశ్చింత, మూడూ ఒకే ప్రాంగణంలోవే.

● మనమంతా అహ్మదాబాద్ ఫైనల్ చూసి తల పట్టుకున్న ఆ ఆదివారమే, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడి పెరిగిన ఒకాయన ఏఐ చరిత్రలోనే పెద్ద గొడవ మధ్యలో ఉన్నాడు.

2023 నవంబర్ 17, శుక్రవారం. ఓపెన్‌ఏఐ బోర్డు సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ను తీసేసింది, తమతో మాటల్లో నిజాయితీగా ఉండటం లేదంటూ. లాభాపేక్ష లేని సంస్థ బోర్డు అది. మానవాళి మేలే తన బాధ్యతని రాసుకున్న బోర్డు. అప్పటికి ఆ కంపెనీలో వందలకోట్ల డాలర్లు కుమ్మరించిన మైక్రోసాఫ్ట్‌కు బోర్డులో ఓటు లేదు. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల ఆదివారం రాత్రి ఒక ఎత్తు వేశారు. ఆల్ట్‌మన్‌ను, ఓపెన్‌ఏఐ సహ వ్యవస్థాపకుడు గ్రెగ్ బ్రాక్‌మన్‌ను తమ కంపెనీలో చేర్చుకుంటున్నామని ప్రకటించారు. దాదాపు 770 మంది ఉద్యోగుల్లో 700 పైచిలుకు మంది మేమూ పోతామని సంతకాలు పెట్టారు. మంగళవారం రాత్రికి ఆల్ట్‌మన్ తిరిగి సీట్లో కూర్చున్నాడు.

దీన్ని జాగ్రత్తపరులకూ వేగవాదులకూ మధ్య యుద్ధమని అప్పట్లో రాశారు. కొంత నిజం, కొంత కథ. నాకు కనపడేది ఒకటే. ఆపే అధికారం కాగితం మీద ఉన్నవాళ్లు అయిదు రోజులు కూడా ఆపలేకపోయారు. నాదెళ్ల మాత్రం దేవుడిలాంటి యంత్రం గురించి పెద్దగా మాట్లాడరు. ఫలానా మైలురాయి దాటేశామని మనకు మనమే చెప్పుకోవడం అర్థం లేని పని, ప్రపంచ ఆర్థిక వృద్ధి 10 శాతానికి చేరితే అదీ కొలమానం అని 2025 ఫిబ్రవరిలో తేల్చేశారు.

● ఇంత గొడవ అవసరమా, ముందు అది ఆలోచిస్తోందో లేదో చూడండి అనే జట్టుకు నాయకుల్లో ఒకరు పెద్దాపురం మనిషి.

సుబ్బారావు కంభంపాటి అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆచార్యులు. అమెరికాలోని ప్రధాన ఏఐ సంఘానికి 2016–18లో అధ్యక్షులు. అదే కుర్చీలో 1987–89లో కూర్చున్నది రాజ్ రెడ్డి. అంటే ఏఐ మీద పట్టున్న ఆ సంఘాన్ని ఇద్దరు తెలుగువాళ్లు నడిపారు.

కంభంపాటి బృందం చేసిన పరీక్ష చిన్నపిల్లలకూ అర్థమవుతుంది. బల్ల మీద కొన్ని చెక్క దిమ్మెలు. ఎర్రదాన్ని నీలందాని మీద పెట్టాలి, ఏది ముందు తీయాలి, ఏది తర్వాత? జీపీటీ-4 దాదాపు మూడోవంతు సార్లు సరిగ్గా చెప్పింది. అప్పుడు దిమ్మెల ఆట అలాగే ఉంచి మాటలు మార్చారు. ఎత్తు, దించు, పేర్చు అన్నవాటి బదులు దాడి చెయ్యి, విందు చెయ్యి వంటి సంబంధం లేని మాటలు పెట్టారు. ఆట నియమాలు ఒక్కటీ మారలేదు. మోడల్ జవాబులు కుప్పకూలాయి. ఆలోచించేవాడికి పేర్లతో పనేముంది? కాబట్టి అది చేస్తున్నది వెతికి తేవడం, ఆలోచించడం కాదన్నారు కంభంపాటి.

2024 సెప్టెంబర్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఓ1-ప్రివ్యూ మోడల్ మామూలు దిమ్మెల ఆటను 97.8 శాతం సరిగ్గా ఆడింది. మాటలు మార్చిన ఆటలో 52.8 శాతం. ఆ లెక్క కూడా ఆయన బృందమే వేసి ప్రచురించింది. తనకు నచ్చని అంకెను దాచకుండా అచ్చు వేసేవాడు ఏ జట్టులో ఉన్నా వినదగ్గవాడే.

● మందు, విషం రెండింటి వాదనా శామీర్‌పేట దారిలోనే ఉంది.

1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ తుర్కపల్లి, శామీర్‌పేట చుట్టూ పరుచుకుంది. కొవాగ్జిన్ పుట్టింది అక్కడి భారత్ బయోటెక్‌లో. ఏఐ ఆశావాదులు ముందుగా చూపించేది ఈ రంగాన్నే. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ 2022 జులై నాటికి 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను అంచనా కట్టి పెట్టింది. దాని సృష్టికర్తలు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ 2024 రసాయన నోబెల్ పంచుకున్నారు.

భయపడేవాళ్లు చూపించేదీ ఈ రంగాన్నే. 2022 మార్చిలో ఒక అమెరికన్ మందుల సంస్థ శాస్త్రవేత్తలు తాము చేసి చూసిన ఒక పనిని బయటపెట్టారు. విషం తగ్గించమని నేర్పిన తమ ప్రోగ్రామ్‌ను విషం పెంచమని తిప్పారు. ఆరు గంటల్లోపే 40,000 అణువుల జాబితా ఇచ్చింది. అందులో వీఎక్స్ అనే ప్రాణాంతక నాడీవిషం కూడా ఉంది. తయారుచేయలేదు, కంప్యూటర్‌లోనే ఉంచారు. మందు వెతికే దారీ విషం వెతికే దారీ ఒకటేనని అందరికీ ముందే తెలుసు. ఇంత దగ్గర దారి అని తెలియదు.

● ఖమ్మం మిర్చి రైతుల దగ్గర ఆశావాదుల పక్షం గెలిచినట్టే కనపడుతుంది.

సాగు బాగు అనే పథకంలో 7,000 మంది రైతులకు ఏఐ సలహాలు, మట్టి పరీక్షలు, నాణ్యత పరీక్షలు అందించారు. దిగుబడి ఎకరాకు 21 శాతం పెరిగిందని, పురుగుమందులు 9 శాతం తగ్గాయని, ధర 8 శాతం మెరుగైందని నివేదిక. అంకెలు ఇచ్చింది పథకం నడిపినవాళ్లే అన్నది గుర్తు పెట్టుకుని సంతోషిద్దాం.

● ఏఐకి తెలుగు కథలు చెప్పించడానికి ఇంజనీరింగ్ విద్యార్థులు వేలల్లో కూర్చుని పాత కథల పేజీలు దిద్దారు.

స్వేచ్ఛ సంస్థ, ఓజోన్‌టెల్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కలిసి చేసిన ఆ చిన్న తెలుగు మోడల్ పేరు చందమామ కథలకు సంబంధించినదే. మోడల్ ఎంత గొప్పదన్నది పక్కన పెట్టండి. దాని వెనకున్న సిద్ధాంతం వేరు: మా భాష డేటా మా చేతుల్లో, అందరికీ తెరిచి ఉండాలి. తెరిచిన మోడల్‌ను దుర్మార్గుడు కూడా వాడుకుంటాడని వినాశన భయం ఉన్నవాళ్లు అంటారు. మూసిపెడితే నలుగురు సేట్లే వాడుకుంటారని వీళ్లు అంటారు.

● కేంద్రం పద్నాలుగు రోజుల్లో ఒక పక్షం నుంచి ఇంకో పక్షానికి మారింది.

2024 మార్చి 1న, ఇంకా పరీక్షలో ఉన్న ఏఐ మోడళ్లను జనంలోకి వదలాలంటే అనుమతి తీసుకోవాలని ఐటీ శాఖ సూచన పంపింది. స్టార్టప్‌లు గోల పెట్టాయి. మార్చి 15న అనుమతి మాట తీసేసి, మోడల్ తప్పు చెప్పొచ్చని లేబుల్ పెడితే చాలంది.

● తాజా తగాదా విశాఖలో.

2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు, మన లెక్కలో సుమారు లక్షా ముప్ఫై వేల కోట్లు. కరెంటు గిగావాట్లలో. కృత్రిమ మేధ అనగానే మబ్బుల్లో ఉంటుందనుకునేవాళ్లకు ఇదొక కనువిప్పు: దానికి భూమి కావాలి, నీళ్లు కావాలి, సబ్‌స్టేషన్ కావాలి. ఆనందపురం మండలం తర్లువాడలో భూముల విషయమై రైతులు అభ్యంతరాలు లేవనెత్తారు. ఎంత నీరు తాగుతుంది, ఎంత రాయితీ ఇచ్చారు, ఎన్ని ఉద్యోగాలు వస్తాయని హక్కుల సంఘాలు లెక్క అడిగాయి. ఈ రైతులు వినాశనవాదులు కారు, వేగవాదులూ కారు. వాళ్ల ప్రశ్నకు ఆ పక్షాల జాబితాలో పేరే లేదు: ఎకరా ఎంతకు, ఎవరితో మాట్లాడి తీసుకుంటున్నారు?